పచ్చకప్పు తెప్పకు తొలి చేప

పైన్‌కొండ శానిటోరియం,
మార్చి 8, 1953

అమ్మాయీ ఎల్డా,

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు దొర్లిపోతే సర్దుకుని చదువుకో. ఇక్కడ లేచి కూర్చోవాలన్నా డాక్టరుగారి అనుమతి కావాలి. ఊపిరితిత్తులకు చల్లగాలి మంచిదట. అందుకని మమ్మల్ని దుప్పట్లలో చుట్టి వరండాలో వరసగా ఆరబెడతారు. నా పక్క మంచం మీద జిగ్మంట్ అని మిల్వాకీ నుంచి వచ్చిన మాంసం కొట్టు ఆయన ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగి చేప పట్టలేదట. వాల్‌ఐ చేప కళ్లు చీకట్లో గాజుగోళీల్లా మెరుస్తాయని చెబితే, జ్వరం వచ్చిందేమోనని నర్సును పిలిచాడు.

ఇక అసలు సంగతి. లెరాయ్ సైన్యంలో, జర్మనీలో ఉన్నాడు. నేను ఇక్కడ ఉన్నాను. మీ అత్తగారు పోయి నాలుగేళ్లు. ఇంట్లో మిగిలింది నువ్వొక్కదానివే. వుల్ఫ్ నది మీద మంచు కరగ్గానే మన తెప్ప నీళ్లలోకి దిగాలి. వంపు దగ్గర, లోతు మడుగు మీద, మన చోట నిలబడాలి. సరస్సు నుంచి ఏటికి ఎదురెక్కి వచ్చే చేపలు గట్టు పక్క పల్లపు గడ్డి బాడవల్లో గుడ్లు పెట్టబోయే ముందు ఆ మడుగులోనే అలుపు తీర్చుకుంటాయి. మా నాన్న ఎంచుకున్న చోటు అది.

క్రూగర్ రేవులో కట్టుబాటు ఒకటుంది. మంచు పోయిన దగ్గర్నుంచి చేపలు తిరిగి సరస్సుకు దిగిపోయేదాకా ఒక్క ఆదివారం కూడా చోటు ఖాళీగా కనబడకూడదు. ఖాళీగా ఉంటే ఎవరైనా తెప్ప కట్టుకోవచ్చు. కట్టి, గాలం వేశారా, ఆ చోటు ఇక వాళ్లదే.

ఆ చోటు మీద కన్నేసినవాడు ఎక్కడివాడో కాదు, నా సొంత తమ్ముడు హ్యూగో. పన్నెండేళ్ల కిందట మీ అత్తగారికి ఆపరేషనయి నేను ఆస్పత్రిలో కూర్చుని ఉంటే, వాడు మన చోట తన తెప్ప కట్టేశాడు. నేను తిన్నగా వచ్చి, ఊరంతా చూస్తుండగా గొడ్డలితో వాడి తాడు తెంపాను. ఆనాటి నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. వాడు మన గడప తొక్కడు గనుక నువ్వు వాడి మొహం కూడా చూసి ఉండవు. నువ్వు తెప్ప దించకపోతే ఈసారి వాడు ఆగడు. చోటు పోతే నేను లేచి వచ్చి మాత్రం ఏం చేయను?

నీకు ఇష్టం లేకపోతే చెప్పు. బలవంతం లేదు. (ఉంది.)

మీ మామ,
ఆల్విన్ రాడ్కె


క్రూగర్ రేవు,
మార్చి 19

మామగారూ,

మీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, తర్వాత భయపడ్డాను, తర్వాత మీ రబ్బరు బూట్లు వేసుకుని చూశాను. నా కాళ్లు రెండూ ఒకే బూటులో పట్టేలా ఉన్నాయి.

నేను పుట్టింది ఇసుకనేలల్లో, ఆలుగడ్డల మధ్య. మా ఊళ్లో నీళ్లంటే బావిలో నీళ్లే. మా నాన్న ఈ సంగతి విని, "చేపలు పట్టే ఇంటికి ఇచ్చానుగానీ, చేపలు పట్టడానికి ఇచ్చానా నిన్ను?" అన్నాడు. అయినా రెండు రోజులు వచ్చి ఉండి, తెప్పను తేల్చే పీపాలకు తారు పూసి వెళ్లాడు. ఆయన మాటలు అంతే, మీ మాటల లాగే.

తెప్ప దిగింది. మొన్న పొద్దున మంచు ఫెళఫెళమని విరిగి పోయింది. వెన్న ఫ్యాక్టరీ వాళ్ల ట్రాక్టరుతో లాగించి, మీరు చెప్పిన వంపులోనే కట్టించాను. పైన పెద్ద విల్లో చెట్టుకు ఒక తాడు, కింద ఇనప కొయ్యకు ఒకటి. తెప్ప మీది గదిలో పొయ్యి బాగానే మండుతోందిగానీ పైనున్న పొగగొట్టం వంకరగా ఉంది. తిన్నగా చేయించనా?

ఈ శీతాకాలం మంచు ఒత్తిడికి రేవులో రెండు మూడు తెప్పలు నుజ్జయ్యాయని ట్రాక్టరు అబ్బాయి చెప్పాడు. మనది గట్టుమీదే ఉండబట్టి బతికింది.

లెరాయ్ నుంచి ఉత్తరం వచ్చింది. "నాన్న చెప్పినట్టు చెయ్, వాదించకు" అని రాశాడు. సముద్రం అవతల కూర్చుని చెప్పడం తేలికే. కానీ మామగారూ, ఈ చోటు రేపు మీ తర్వాత ఆయనది, ఆపైన మా పిల్లలది. నా చేతిలో పోనివ్వను. గాలం పట్టుకోవడం ఒక్కటి మాత్రం మీరే నేర్పాలి, పడుకునే నేర్పండి.

మందులు ఉమ్మేయకండి. నర్సుగారు నాకు రాశారు.

మీ కోడలు,
ఎల్డా


పైన్‌కొండ,
మార్చి 24

అమ్మాయీ,

ఆ నర్సుకు వేరే పనిలేదు.

పొగగొట్టం ముట్టుకోకు! మన తెప్ప పేరే వంకరగొట్టం. ఇది బాగా గుర్తుపెట్టుకో: చేపలు ఎదురెక్కే రోజుల్లో నీటి మీద మనుషుల్ని పేరు పెట్టి పిలవం. పిలిస్తే చేపలు విని దారి మార్చుకుంటాయని మా తాత నమ్మకం. నిజమో కాదో ఎవరూ పరీక్షించి చూడలేదు. తెప్పనుబట్టే పిలుస్తాం. నేను వంకరగొట్టాన్ని. ఇప్పుడు నువ్వు కూడా.

ఇక పని. బతికున్న చిన్నచేపను పెదవి దగ్గర గాలానికి గుచ్చు. సీసం గుండు ఏటి అడుగును తాకాక జానెడు పైకి ఎత్తి, ఊరుకో. వాల్‌ఐ ఒక్కసారిగా లాగే రకం కాదు. ముందు తడుముతుంది. ఇష్టంలేని పెళ్లికి వచ్చిన చుట్టంలాగా కాస్త కొరికి వదిలేస్తుంది. అప్పుడు గుంజావా, ఖాళీ గాలమే పైకొస్తుంది. బరువు తెలిసేదాకా ఓపిక పట్టి, అప్పుడు మణికట్టుతో ఎత్తు. ముందు మగచేపలు వస్తాయి, సన్నగా. వాటి వెనక కడుపు నిండా గుడ్లతో ఆడవి. మరీ పెద్ద ఆడచేప పడితే ముద్దుగా నీళ్లలోకి వదిలెయ్.

నీకు పడిన తొలి చేప మాత్రం నీది కాదు. అది ఏటికి దిగువన ఉన్న కింది తెప్పకు ఇవ్వాలి. ఎందుకంటావా? చేప కింది నుంచి పైకి వస్తుంది. అంటే కింది తెప్పను దాటుకునే నీ దగ్గరికి వచ్చింది. వాళ్లు పోనిస్తేనే నీకు చిక్కింది. కనుక మొదటిది వాళ్లది.

మన కింద ఉండేది పచ్చకప్పు, అంటే పచ్చరంగు పైకప్పు ఉన్న తెప్ప. ఆ తెప్ప ఆయన్ను నువ్వింకా చూడలేదుగానీ, నాకు ముప్పై ఏళ్ల నేస్తం, బండలా కదలని మనిషి. చేప ఇచ్చి, వంకరగొట్టం ఆయన పంపాడని చెప్పు. ఏ అవసరం వచ్చినా ఆయన్నే అడుగు. ఎక్కడైనా ఎర్రగోడల తెప్ప కనబడితే మాత్రం తలుపేసుకో. అది హ్యూగోది.

ఇంతకన్నా రాస్తే కలం లాక్కుంటారు.

ఆల్విన్ మామ


క్రూగర్ రేవు,
ఏప్రిల్ 6

మామగారూ,

పడింది!

ఈస్టరుకు ముందురోజు. మధ్యాహ్నం. అంతకుముందు రెండు వారాలు నేను నదికి చిన్నచేపలు మేపానంతే. మీరు చెప్పినట్టే తడిమింది, వదిలింది, మళ్లీ తడిమింది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. బరువు తెలిసింది. ఎత్తాను. తర్వాత ఏం జరిగిందో నాకే సరిగ్గా గుర్తులేదు. బకెట్టు తన్నేశాను, బంగారురంగు చేప మీద పడుకున్నాను, "అమ్మో అమ్మో" అని అరిచాను. నది మీద అందరూ విన్నారు. అమ్మ పేరు కాదు కదా, ఫర్వాలేదు కదా?

దోనె వేసుకుని తిన్నగా పచ్చకప్పుకు వెళ్లాను. ఆయన తలుపు దగ్గర కూర్చుని గాలం ముడివేసుకుంటున్నాడు. చేప ఇచ్చి, "వంకరగొట్టం ఆయన పంపారండీ" అన్నాను.

ఆయన చేతులు ఆగిపోయాయి. "ఎవరు?"

"మా మామగారు. శానిటోరియంలో ఉన్నారు."

"తెలుసు. ఆయనే ఇమ్మన్నాడా? పచ్చకప్పుకా?"

"పచ్చకప్పుకే ఇమ్మని రాశారు. ఉత్తరంలో ఉంది."

చేప చేతిలో కొట్టుకుంటుంటే రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత, "ఇది నా ముందు నుంచే పోయుంటుంది" అని తనలో తనే అనుకున్నాడు. "ఎలా ఉన్నాడు?" అని అడిగాడు. మీ వరండా గురించి, జిగ్మంట్‌గారి గురించి చెప్పాను. నవ్వుతాడనుకుంటే మొహం అటు తిప్పేసుకున్నాడు. మీరంటే ఎంత అభిమానమో!

ఈస్టరు రోజు ఆయనే వచ్చాడు. పొగబెట్టిన సాసేజి, నల్ల రొట్టె తెచ్చాడు. గడప బయటే నిలబడి, "లోపలికి రావచ్చా?" అని అడిగాడు. ముప్పై ఏళ్ల నేస్తానికి ఇంత మొహమాటమేమిటో. పొగగొట్టం చూసి సుత్తి తీశాడు. మళ్లీ ఏమనుకున్నాడో, "వద్దులే. తిన్నగా ఉంటే వాడు వచ్చి గుర్తుపట్టలేడు" అని సుత్తి జేబులో పెట్టేసుకున్నాడు.

ఎర్రగోడల తెప్ప ఎక్కడా కనబడలేదు. మీరు నిశ్చింతగా ఉండండి.

ఎల్డా, వంకరగొట్టం


పైన్‌కొండ,
ఏప్రిల్ 9

నా తల్లీ,

నీ ఉత్తరం జిగ్మంట్‌కు వినిపించాను. చేప మీద పడుకున్నదగ్గర ఇద్దరం నవ్వి నవ్వి దగ్గాము. నర్సు వచ్చి ఇద్దరి నోట్లోనూ థర్మామీటర్లు పెట్టి పోయింది.

పచ్చకప్పు ఆయనకు నా మాటగా ఇది చదివి వినిపించు. ఒక్క ముక్క వదలకు.

"నిరుడు నన్ను బండెక్కించేటప్పుడు నీకు ఒక్కమాట చెప్పకుండా వచ్చేశాను. అది నా మనసులో ముల్లులా ఉండిపోయింది. ఇక్కడ పడుకుని పైకప్పు చూస్తుంటే, చెప్పని మాటలే గుర్తొస్తున్నాయి. నది మీద నా పక్కన ఎవరు ఉండాలని అడిగితే నేను నిన్నే అంటాను. లేచి వస్తే తొలి కాఫీ నీ తెప్ప మీదే. లేవకపోతే మా అమ్మాయినీ, మా చోటునూ నువ్వే చూసుకోవాలి. ఇంకెవరినీ నమ్మను."

వినిపించావా? బాగుంది. ఇలాంటివి నేను ఎదురుగా చెప్పలేను. మా ఇంట్లో ఎవరికీ చేతకాదు.

నీళ్లు ఎంత పెరిగాయి? బాడవలో గడ్డి మునిగిందా? కప్పలు కూయడం మొదలుపెట్టాయా? అన్నీ రాయి. ఇక్కడ కిటికీలోంచి పైన్ చెట్లు తప్ప ఇంకేమీ కనబడవు, అవి ఏ కాలంలోనైనా ఒకేలా ఏడుస్తుంటాయి.

ఆల్విన్ మామ


క్రూగర్ రేవు,
ఏప్రిల్ 14

మామగారూ,

కప్పలు చెవులు చిల్లులు పడేలా కూస్తున్నాయి. బాడవంతా మునిగింది. సాయంకాలం గడ్డి అంచుల్లో చేపలు ఒకదాన్నొకటి తోసుకుంటుంటే నీళ్లు ఉడుకుతున్నట్టుగా ఉంది. అది చూస్తూ గాలం వేయడం మర్చిపోయాను. ఇంతకాలం ఆలుగడ్డలు తవ్వుతూ గడిపానే అనిపించింది.

మీ మాటలు చదివి వినిపించాను. ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని విన్నాడు. మొత్తం అయ్యాక, "కాఫీ సంగతి మళ్లీ చదువమ్మా" అన్నాడు. చదివాను. మళ్లీ చదవమన్నాడు. తర్వాత, "ఆ కాగితం నేనుంచుకోవచ్చా?" అని అడిగాడు. ఇచ్చేశాను. నాలుగు మడతలు పెట్టి టోపీ లోపల దోపుకున్నాడు. నేనూ కాస్త ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేమీ లేదు. మగవాళ్లు ఇలా ఒకరి గురించి ఒకరు అనుకోవడం నేను మా ఊళ్లో చూడలేదు.

ఇప్పుడు రోజూ వస్తాడు. నా ముడులు చూసి, "ఇది ముడా, జడా?" అంటాడు. నేను పట్టినదాన్ని చూసి, "బాగుంది, ఇది ఎరా, చేపా?" అంటాడు. కబుర్లకు లోటులేదు.

ఒక సంగతి అడగాలి. గాలం వేసే ముందు ఆయన ప్రతిసారీ కుడి మడమతో తెప్ప పలకను దబదబా తడతాడు. నది మీద ఇంకెవరూ అలా చేయగా చూడలేదు. ఎందుకని అడిగితే, "మా నాన్న చేసేవాడు. కింద ఉన్నవాటికి మనం వచ్చామని చెప్పాలిగా" అన్నాడు. నేనూ తట్టనా? మీరు నాకు నేర్పలేదేం?

ఎల్డా


పైన్‌కొండ,
ఏప్రిల్ 20

ఎల్డా,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులయింది. మడమ! ఈ నది మొత్తం మీద అలా పలక తట్టేది ఇద్దరే ఇద్దరు. ఒకడు ఈ మంచం మీద పడి ఉన్నాడు. రెండోవాడు హ్యూగో. అది మా నాన్న మాకిచ్చిన అలవాటు. పైగా కుడి మడమట, కుడి!

కాదులే, ఎవరో చూసి నేర్చుకుని ఉంటారులే అని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. నిన్న మన చర్చి గంట కొట్టే హెర్బర్ట్ నన్ను చూడ్డానికి వచ్చాడు. మాటల్లో మొత్తం బయటపడింది. నా నేస్తం పేరు రైన్‌హోల్డ్. మోకాలు పాడై, అతను కూతురి దగ్గరికి ఆష్‌కాష్ పట్నానికి వెళ్లిపోయాడట. హ్యూగో ఎర్ర తెప్ప మంచుకు నుజ్జయితే, తన పచ్చకప్పును వాడికి అరువిచ్చి మరీ వెళ్లాడట. నాకు చెప్పినవాడు లేడు.

అది కూడా సరే. నిన్న పొద్దున హెర్బర్ట్ రేవు మీదుగా వచ్చాడు. మన తెప్ప గట్టున పడి ఉందట. మన చోట, మా నాన్న చోట, పచ్చకప్పు కట్టి ఉందట! ఆదివారం నాడు! లోపల వాడు దర్జాగా కూర్చుని ఉన్నాడట.

నేను నీకేం చెప్పాను? నువ్వేం చేశావు? నా తొలి చేప తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టావు. నేను రైన్‌హోల్డ్ కోసం కడుపులోంచి తీసి రాసిన మాటలు వాడికి చదివావు. వాడు టోపీ తీసి విన్నాడా? వినడూ మరి! గొడ్డలి పట్టలేని స్థితిలో అన్న మంచాన ఉన్నాడు, ఇంట్లో ఆలుగడ్డల పిల్ల తప్ప ఎవరూ లేరు, ఇంతకన్నా మంచి అదను దొరుకుతుందా? సాసేజి పెట్టి చోటు కొట్టేశాడు. అన్నీ పూసగుచ్చినట్టు రాసే నువ్వు ఈ ఒక్కటీ రాయకుండా దాచావు.

లెరాయ్‌కు నేను ఏమని రాయాలి? ఆ తెప్పను అక్కణ్ణుంచి తీయించు. ఎలా తీయిస్తావో నాకు తెలియదు.

ఆల్విన్ రాడ్కె


క్రూగర్ రేవు,
ఏప్రిల్ 24

మామగారికి,

ఇది గుడ్డ చుట్టుకున్న చేత్తో రాస్తున్నాను. అక్షరాలు దొర్లితే సర్దుకుని చదువుకోండి. నేను దాచింది ఏమీ లేదు. అయిదు రోజులపాటు కలం పట్టలేకపోయాను. ఎందుకో చెబుతాను, మధ్యలో కాగితం విసిరికొట్టకుండా చివరిదాకా చదవండి.

శనివారం మధ్యాహ్నం నీళ్లు ఒక్కసారిగా పెరిగాయి. పైనుంచి ఒక పెద్ద దుంగ కొట్టుకొచ్చి మన పై తాడును తెంపేసింది. నేను లోపలే ఉన్నాను, పొయ్యి మండుతోంది. తెప్ప గిర్రున తిరిగి, దుంగ మీద పడి, రెండు పీపాలు పగిలాయి. కింది తాడు కూడా కొయ్య మీది నుంచి జారిపోతుంటే చేతులతో పట్టుకున్నాను. అరచేతుల చర్మం దానితోపాటే పోయింది. ఆలుగడ్డల పిల్లనే, కానీ వదల్లేదు.

ఆయన దోనె వేసుకుని ఆ ప్రవాహానికి అడ్డంపడి వచ్చాడు. ముందు పొయ్యిలో నీళ్లు పోశాడు, తర్వాత తాడు అందుకున్నాడు, తర్వాత నన్ను తిట్టాడు. "చోటు పోతే మళ్లీ వస్తుంది, నువ్వు పోతే వాడికి నేనేం చెప్పను?" అని. తెప్పను ఎలాగో గట్టుకు చేర్చాం. బాగుచేయడానికి మంగళవారందాకా పడుతుందని తేలింది.

అప్పుడు ఆయనకే గుర్తొచ్చింది, నాకు కాదు. "రేపు ఆదివారం" అన్నాడు. వెంటనే పచ్చకప్పును విప్పి, లాగి, మన చోట తెచ్చి కట్టాడు. హెర్బర్ట్‌గారు చూసింది అదే. తెప్పను చూశారు, మనిషిని చూశారు. గాలం చూశారా? మళ్లీ వచ్చినప్పుడు అడగండి.

ఆదివారమంతా ఆయన మన చోట కూర్చున్నాడు. నేను నూనె రాసిన చేతులతో గట్టున కూర్చుని చూస్తూనే ఉన్నాను. గుడ్లు పెట్టేసిన చేపలు ఆకలితో కిందికి దిగుతున్న రోజు అది. పై తెప్పలో, కింది తెప్పలో, ఎదురు గట్టున అందరూ చేతులు నొప్పెట్టేలా పడుతున్నారు. ఆయన గాలం గోడకు వేలాడుతూనే ఉంది. ఒక్కసారి కూడా తీయలేదు. రొట్టె తిన్నాడు, కాళ్లు ఊపాడు, నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

"తాతగారూ, ఊరికే కూర్చున్నారేం?" అని గట్టు మీది నుంచి అరిచాను.

"గాలం తడిస్తే చోటు నాదైపోతుందమ్మా. నాకెందుకు?" అన్నాడు. కాసేపయ్యాక, "ఇదివరకోసారి కూడా ఇక్కడే, ఇలాగే కూర్చున్నాను. వదిన ఆస్పత్రిలో ఉన్నప్పుడు. అప్పుడూ తడపలేదు. అయినా తాడు తెగింది" అన్నాడు.

అప్పుడు నాకు అర్థంకాలేదు. వరద సంగతేదో చెబుతున్నాడనుకున్నాను. మీ ఉత్తరం వచ్చాక అర్థమయింది. మామగారూ, అప్పటికి నేను చిన్నపిల్లను, ఈ ఊరు కూడా నాది కాదు, మీ అన్నదమ్ముల మధ్య దూరే హక్కు నాకు లేదు. కానీ ఒక్కటి అడుగుతాను. ఆరోజు గొడ్డలి ఎత్తేముందు గాలం ఎక్కడుందో చూశారా?

మంగళవారం మన తెప్ప మళ్లీ దిగింది. ఆయనే తీసుకొచ్చి కట్టి, తన పచ్చకప్పును కిందికి జరుపుకున్నాడు. వంకరగొట్టం మన చోటే ఉంది. పైవారంతో చేపలు అయిపోతాయి. ఈ ఏటికి చోటు నిలబడింది. లెరాయ్‌కు రాయాలనుకుంటే అది రాయండి.

ఇక మీరు చెప్పిన మాటల సంగతి. అవి రైన్‌హోల్డ్‌గారివని ఆయనకు నేనింకా చెప్పలేదు. హెర్బర్ట్‌గారు శానిటోరియానికి వస్తూపోతూ ఉంటారు కదా, తను పచ్చకప్పులో ఉన్నట్టు మీకు తెలిసే పంపారని ఆయన అనుకుంటున్నాడు. ఆ కాగితం ఇప్పటికీ టోపీలోనే ఉంది. గాలికి టోపీ ఎగురుతుందేమోనని ఒక చేత్తో పట్టుకునే దోనె నడుపుతున్నాడు. నిన్న నాతో, "నన్నూ లోపలికి రానిస్తారంటావా, శానిటోరియం వాళ్లు?" అని అడిగాడు. నేను చేతి కట్టు సర్దుకున్నాను.

తప్పు నాదే. ఒప్పుకుంటున్నాను. మీరు వెనక్కి తీసుకోమంటే తీసుకుంటాను. వెళ్లి, "ఇవి మీకోసం రాసినవి కావండీ, పొరపాటు జరిగింది, ఇలా ఇచ్చేయండి" అని అడుగుతాను. కానీ అలా అడగమని మీరే మీ చేత్తో రాయాలి. నా అంతట నేను ఆ పని చేయలేను. మీరు చెప్పినవన్నీ చేశాను, చలిలో నిలబడ్డాను, బతికున్న చిన్నచేపల్ని గాలానికి గుచ్చాను, తాడు వదల్లేదు. ఇది ఒక్కటి మీరు రాయకుండా చేయను.

మీ జవాబు వచ్చేదాకా పచ్చకప్పు వైపు వెళ్లను. జలుబు చేసిందని చెప్పించాను. ఆయన అల్లం పంపాడు.

ఎల్డా


పైన్‌కొండ,
ఏప్రిల్ 28

అమ్మాయీ,

చేతులకు నూనె రాయకు, తేనె రాసి గుడ్డ కట్టు. పీపాలు పోతే పోయాయి. దుంగ వస్తుంటే తాడు పట్టుకుని వేలాడమని నేను ఎప్పుడైనా రాశానా? నీకేమైనా అయితే లెరాయ్‌కు ఏ మొహం పెట్టుకుని రాసేవాణ్ణి? నిన్ను అన్న మాటలకు నాకు నిద్ర పట్టడంలేదు. కాగితం మీద పడ్డదాన్ని చెరపలేను. ఆ ఉత్తరాన్ని పొయ్యిలో వెయ్యి. నా కళ్ల ముందు వేసినట్టే అనుకుంటాను.

నీ ఉత్తరాన్ని నాలుగు రోజులు దిండు కింద పెట్టుకున్నాను అని రాద్దామనుకున్నాను, కానీ అది వచ్చింది నిన్ననే. ఒక్క రాత్రికే నాలుగు రోజులంత బరువయింది. పొద్దున జిగ్మంట్‌కు మొత్తం చెప్పాను. ఆయన చేపల గురించి ఏమీ తెలియనివాడు కదా, అంతా విని, "మరి ఆ మాటలు నువ్వు రాసింది ఎవరికి?" అని అడిగాడు. రైన్‌హోల్డ్‌కు అన్నాను. "రైన్‌హోల్డ్‌తో నువ్వు చెప్పుకోని మాటలేమున్నాయి? రోజూ మాట్లాడుకునేవాళ్లేగా?" అన్నాడు. నాకు దగ్గు వచ్చింది. దగ్గేనని నర్సుకు చెప్పాను.

నువ్వు గాలం గురించి ఒకటి అడిగావు. దానికి జవాబు నా దగ్గర ఉంది. అది నీకు చెప్పాల్సింది కాదు, వాడికి చెప్పాల్సింది.

రైన్‌హోల్డ్‌కు వేరే రాస్తాను. అతనికి రెండు ముక్కలు చాలు.

ఇక నువ్వు నా చేత్తో రాయమన్నది రాస్తున్నాను. జలుబు తగ్గిందని చెప్పి, తిన్నగా పచ్చకప్పుకు వెళ్లు. ఆ కాగితం అడగకు. దాని ఊసే ఎత్తకు. ఈ నాలుగు ముక్కలు మాత్రం చదివి వినిపించు:

"నాన్న తట్టింది ఎడమ మడమతో. కుడి కాదు. నేను నీకన్నా మూడేళ్లు పెద్దవాణ్ణి, నాకు బాగా తెలుసు. కాదంటావా, ఇక్కడ ఆదివారం రెండింటి నుంచి నాలుగింటిదాకా చూడనిస్తారు. వచ్చి నా ఎదురుగా కాదను."

వచ్చేటప్పుడు ఫ్లాస్కులో కాఫీ తెమ్మను. ఇక్కడ ఇచ్చేది నోట పెట్టలేను.

మీ మామ,
వంకరగొట్టం